మత్తియాసు రాని ఏడాది

*1753, స్వీడన్ తీరాన ఒక చిన్న దీవి. చర్చి గంట కొట్టేవాడి మాటలు.*

రాజుగారి ఉత్తరువు మంచు మీద జారుతూ వచ్చింది,
స్లెడ్జి బండిలో, ఎండుచేపల బస్తాల పక్కన.
పాస్టరుగారు మెట్ల మీద నిలబడి చదివారు:
ఫిబ్రవరి పదిహేడు తర్వాత
మార్చి ఒకటి.
మధ్యలో పదకొండు రోజులు లేవు.
ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు.
ఉప్పు మీద పన్ను పెరిగినప్పుడూ ఎవరూ అడగలేదు.

నేను గంట కొట్టేవాణ్ణి, పుస్తకం రాసేవాణ్ణి.
పుట్టినవాళ్ళు ఎడమ పేజీ, పోయినవాళ్ళు కుడి పేజీ.
సిరా గడ్డకడితే బుడ్డిని చంకలో పెట్టుకుని కరిగిస్తాను.

పదిహేడో తారీఖు సాయంత్రం సిసిలాకు నొప్పులొచ్చాయి.
పొయ్యి దగ్గర మంత్రసాని మార్గిత,
గుమ్మం బయట, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియని యొరాన్.
అర్ధరాత్రి దాటాక పిల్ల కేరుమంది.
తెల్లారి మార్గిత నాతో అంది:
"రాసుకో, పదకొండు రోజులు నొప్పులు పడి కన్నది తల్లి!"
అందరూ నవ్వారు.
సిసిలా గోడవైపు తిరిగి,
"అంతే అయ్యుంటుంది" అంది.
పిల్ల పేరు ఎల్సెబే. మార్చి ఒకటి. ఎడమ పేజీ.

పడవలకు అప్పులిచ్చే ఎస్కిల్
వడ్డీలో ఒక్క రోజు కూడా తగ్గించలేదు.
"క్యాలెండరు రాజుగారిది, వడ్డీ నాది" అన్నాడు.

మా బోట్విద్ పోయింది మత్తియాసు పండగనాడు,
ఫిబ్రవరి ఇరవై నాలుగు, అయిదేళ్ళ కిందట.
మత్తియాసు మంచు పగలగొడతాడని ఇక్కడి సామెత.
పగలగొట్టాడు,
సీళ్ళ వేటకు వెళ్ళే దారి మీద,
తొమ్మిదేళ్ళ బరువు కింద.
ఏటా ఆ పొద్దున తాడు పట్టుకుని
తొమ్మిది దెబ్బలు కొడతాను.
ఇంట్లో గున్‌బోర్ వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతుంది.
తొమ్మిదోది ఆగాకే రొట్టెపిండిలో చెయ్యి పెడుతుంది.

ఈ ఏడు ఆ రోజే రాలేదు.
పాస్టరుగారిని అడిగాను:
మావాడు ఇప్పుడు ఏ రోజున పోయినట్టండీ?
ఆయన వేలితో గాల్లో కూడిక వేశారు.
"ఇరవై నాలుగునే పోయాడు.
కానీ ఆ ఎండా ఆ మంచూ తిరిగి రావాలంటే
మార్చి ఏడు దాకా ఆగాలి."
అంకె మావాడిదా, మంచు మావాడిదా?
ఆయన టోపీ సర్దుకుని
చలి ఎక్కువగా ఉందన్నారు.

మే ఆరున ఆయన దుర్భిణిలో
సూర్యుడి ముఖం మీద నల్లచుక్క ఒకటి నడిచింది.
బుధుడట. నాకూ చూపించారు.
కొత్త పేజీ మీద సిరా ఒలికినట్టుంది;
అద్దుడు కాగితం కోసం చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.
ఆ మధ్యాహ్నమే రేవులో కవలలు పుట్టారు.
పైవాడు బతికాడు.
ఆ రోజు రెండు పేజీలూ తిప్పాను.

చేపల కాలం చివర్లో పత్రిక వచ్చింది:
పీటర్స్‌బర్గులో ఒక పండితుడు
ఇనప కడ్డీతో మెరుపును ఇంట్లోకి పిలిచాడు,
పిడుగు నుదుటి మీదికే వచ్చింది.
మా లెక్కన ఆగస్టు ఆరు.
రష్యావాళ్ళకింకా పాత లెక్కే, జూలై ఇరవై ఆరు.
చూడు, ఒక్క మనిషికి రెండు చావురోజులు!
మావాడికి ఒక్కటీ దక్కలేదు.

పుస్తకంలో ఆ ఫిబ్రవరి కింద
పదకొండు గీతలు ఖాళీగా వదిలాను.
కాగితం ఖరీదెంతో తెలుసా అని పాస్టరుగారు కసిరారు.
తెలుసు. నేనే కొనుక్కొస్తాను.

మార్చి ఏడు సంగతి చెప్పలేదు కదూ.
చీకటితోనే మెట్లెక్కాను.
తాడు అరచేతిలో మంచుపాములా ఉంది.
ఏ లెక్క మీద కొట్టాలో తేలక
చాలాసేపు పట్టుకుని నిలబడి
దిగి వచ్చేశాను.

గున్‌బోర్ చేతులకు అప్పటికే పిండి ఉంది.
ఏమనాలో తెలియక
"విన్నావా?" అన్నాను.
"తొమ్మిదీ విన్నాను" అంది, తలెత్తకుండా.

ఆ పూట రొట్టెలు కాస్త మాడాయి.